దెబ్బకీ దెబ్బకీ మధ్య

నన్ను ఇంటర్వ్యూ చేయడానికి వచ్చేవాళ్ళందరూ ఒకటే ప్రశ్న వెంటబెట్టుకుని వస్తారు. “ఇంత వేగంగా, ఒక్క మాట కూడా తడబడకుండా ర్యాప్ ఎలా చేస్తారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?” అని. మొదట్లో ఏవో కోతలు కోసేవాణ్ణి. నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని సాధన చేశానని ఒక పత్రికకి చెబితే, వాళ్ళు నిజమనుకుని పెద్దక్షరాల్లో వేశారు. మర్నాడు అమ్మ ఫోన్ చేసి, “ఒరేయ్, రాళ్ళెప్పుడు నమిలావురా? నాకు చెప్పనేలేదే!” అని నిలదీసింది. అప్పట్నించీ అబద్ధాలు మానేశాను. నిజం చెబితే ఎవరూ నమ్మరు, అది వేరే బాధ.

నిజమేమిటంటే నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా వీధిలో అందరూ అలాగే మాట్లాడతారు.

మాది రేకు పెట్టెలు చేసే వీధి. హాస్టలుకి వెళ్ళే పిల్లల పెట్టెలు, సిపాయిల పెట్టెలు, బట్టల వ్యాపారులు భుజాన మోసుకెళ్ళే పెట్టెలు, ధాన్యం పోసుకునే పెద్ద పెట్టెలు. రెండు బళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాల్సినంత సన్నటి వీధి. కింద పని, పైన కాపురం. ఒక కొట్టులో రేకు కత్తిరిస్తారు, పక్క కొట్టులో అంచులు మడుస్తారు, ఎదుటి కొట్టులో మూతలు కడతారు. పొద్దున తలుపులు తీసింది మొదలు సాయంత్రం దాకా ప్రతి కొట్టులోనూ సుత్తి మోగుతూనే ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా వీధి మొదట్లోకి వస్తే చెవులు మూసుకుంటారు. మేం ఆ చప్పుడులోనే పుట్టాం, ఆ చప్పుడులోనే జోలపాటలు విన్నాం.

ఆ మోతలో మామూలుగా మాట్లాడితే ఎదుటివాడి పెదాలు కదలడం తప్ప ఏమీ తెలియదు. అరిచి చెప్పినా అంతే. అందుకని మా పెద్దవాళ్ళు ఎప్పుడో ఒక పద్ధతి పట్టారు. ఎదుటివాడి సుత్తి చెయ్యి చూడాలి. సుత్తి పైకి లేచినప్పుడు మాట వెయ్యాలి, దిగేలోపు నోరు మూసెయ్యాలి. చిన్న మాటైతే ఒక్క సందులో పడుతుంది, పెద్ద మాటని రెండుగా విరవాలి. ఎవరి చెయ్యి వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. బాబాయిది చిటపటలాడే చెయ్యి, ఆయనతో మాట్లాడాలంటే మాటలు పేలాల్లా వేగాలి. నాన్నది రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. పెద్ద దెబ్బకి ముందు సుత్తి కొంచెం ఎక్కువసేపు గాల్లో ఉంటుంది. ముఖ్యమైన విషయాలన్నీ ఆయనకి ఆ సందులోనే చెప్పేవాళ్ళం.

మా అమ్మ తిట్లు వినాలి మీరు. మెట్ల మీద నించుని, చేతిలో రంగు కుంచె పట్టుకుని, నాలుగు కొట్ల చప్పుడు మధ్యలోంచి దారి చేసుకుంటూ తిట్టేది. “పొద్దున / పోయినవాడివి / ఇప్పుడా / రావడం? / కాళ్ళు / విరగ్గొట్టి / పొయ్యిలో / పెడతా!” ఒక్క అక్షరం సుత్తి కింద పడి నలిగేది కాదు. ఇప్పుడు నా పాటలంటే చెవి కోసుకునేవాళ్ళు అమ్మ తిట్లు విని ఉంటే నా మొహం కూడా చూడరు.

అయితే అమ్మ ఈ వీధి పిల్ల కాదు. ఎక్కడో ఊరి చివర చెట్ల మధ్య ఇంట్లో పెరిగింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమెకి ఎవరు ఏమంటున్నారో అర్థమయ్యేది కాదట, ఆమె మాట ఎవరికీ వినపడేది కాదట. పెట్టెల మూతల మీద పువ్వులు వేసే పని ఇచ్చి ఒక మూల కూర్చోబెట్టారు. “మరి ఎలా నేర్చుకున్నావమ్మా?” అని అడిగితే, కుంచె తుడుచుకుంటూ చెప్పింది.

“మీ నాన్న నాకోసం చెయ్యి నిదానం చేశాడురా. నేను ఏదైనా చెప్పబోతే చాలు, సుత్తి అలా పైనే ఆపి పట్టుకునేవాడు. నేను చెప్పడం అయ్యాకే కొట్టేవాడు. ఒక్కో రోజు పెట్టె సగంలోనే ఉండిపోయేది. మీ తాతయ్య ఎన్ని చివాట్లు పెట్టాడో!”

నాకిప్పటికీ అది తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. నేను ఎన్నో ప్రేమ పాటలు విన్నాను, డబ్బులిస్తే రెండు మూడు రాశాను కూడా. ఒక మనిషి మాట పూర్తయ్యేదాకా సుత్తిని గాల్లో పట్టుకుని ఉండడం కన్నా పెద్ద మాట నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఆ వీధిలో భయమంటే ఒక్కటే, నిశ్శబ్దం. రేకు కత్తిలాంటిది. ఎవరి చెయ్యైనా తెగిందంటే ఆ కొట్టులో సుత్తి ఆగుతుంది. పక్క కొట్టు ఆగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి వీధి మొత్తం ఆగిపోతుంది. అప్పుడు ఎవరూ ఎవర్నీ “ఏమైంది?” అని అడగరు. చేతిలో ఉన్నది పారేసి, గుడ్డో నీళ్ళో దొరికింది పట్టుకుని పరిగెడతారు. బాబాయి చూపుడు వేలి కొస పోయిన రోజు వీధి అలా ఆగింది. నేను బళ్ళో ఉన్నాను. పాఠం మధ్యలో ఆ మోత ఆగిపోయేసరికి మా వీధి పిల్లలందరం మాస్టారిని అడగకుండానే లేచి గుమ్మం దాటేశాం. ఆయన వెనక నుంచి కేకలేస్తూనే ఉన్నాడు.

ఇక నేను. చిన్నప్పుడు నాకు కాలు నిలిచేది కాదు. పెట్టెల బళ్ళ వెనక వేలాడ్డం, పక్క వీధి వాళ్ళతో తన్నులాడుకోవడం, తన్నులు తిన్నాక వాళ్ళని మాటలతో ఏకెయ్యడం. చేతుల్లో బలం లేకపోయినా నోట్లో ఉండేది. వాళ్ళు ఒక మాట వెతుక్కునేలోపు నేను పది వేసేవాణ్ణి. అలా ఏకుతుంటే చుట్టూ జనం చేరేవాళ్ళు. నాకు “రేకు” అని పేరు పెట్టింది ఆ జనమే, ముట్టుకుంటే కోసుకుంటుందని. ఇప్పుడు పోస్టర్ల మీద ఉన్నదీ అదే పేరు.

ర్యాప్ అనేది ఒకటుందని నాకు డబ్బాగాడి వల్ల తెలిసింది. డబ్బాగాడు నా స్నేహితుడు, పాడైపోయిన స్పీకర్లు విప్పి బాగుచేసేవాడు. ఒకరోజు వాడి కొట్టులో ఏదో పరభాషా పాట మోగుతోంది. ఎవరో ఆపకుండా మాట్లాడుతున్నాడు, వెనక దరువు పడుతోంది. నేను నోరు వెళ్ళబెట్టాను. “ఒరేయ్, వీడెవడో మా వీధివాడేరా!” అన్నాను. డబ్బాగాడు పడీపడీ నవ్వాడు. తర్వాత వాడే నాకు దరువులు కట్టడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ వాడే కడతాడు.

నేను సుత్తి పక్కన పెట్టి పాటల వెంట తిరుగుతానంటే వీధిలో తలో మాట అన్నారు. తాళాల మావయ్య, అంటే ఎదుటి కొట్టులో గొళ్ళేలు బిగించే ఆయన, “వాడి నోటికి తాళం చేయడం నావల్ల కాదు, పోనీండి” అన్నాడు. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం నేను చెప్పిందంతా విని తలూపాడు. ఆ తలూపుడికి నేను ఎన్నో అర్థాలు చెప్పుకున్నాను. నమ్మకమనుకున్నాను, అలక అనుకున్నాను, పోతే పోయాడు అనుకున్నాడేమోనని కూడా కుమిలిపోయాను. అసలు అర్థం తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పేరు వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పడానికి ఒక పుస్తకం పడుతుంది, చదివేవాళ్ళకి ఓపిక ఉండదు. పేరు తెచ్చిన పాట గురించి మాత్రం చెప్పాలి. దాని పేరు “చెయ్యి చూసుకో”. రాయడానికి నేను పెద్దగా కష్టపడలేదు. నాన్న పని చేసేటప్పుడు పక్కవాళ్ళతో రోజూ అనే మాటలే దాంట్లో ఉన్నాయి. పెద్ద దెబ్బకి ముందు సందులో ఆయన వేసే మాటలు.

పక్కకి జరుగు, రేకుకి అంచుంది,
చెయ్యి చూసుకో, చేతికి ఇల్లుంది.
మూత పడాలి, గొళ్ళెం దిగాలి,
మోసేవాడికి మెడ మిగలాలి.

దీన్ని దరువు మీద వేస్తే జనం వెర్రెత్తిపోయారు. ఫ్యాక్టరీల్లో పాడుకున్నారు, ఆసుపత్రుల్లో నర్సులు పాడుకున్నారు, బళ్ళో పిల్లలు బెంచీల మీద వాయించారు. రేకు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు కూడా తమ చేతుల వైపు చూసుకున్నామని నాకు రాశారు. అవి చదువుతుంటే ఒళ్ళు జలదరించేది. మా కొట్టులో, మసిబారిన గోడల మధ్య, నలుగురు మనుషులు వినడానికి అన్న మాట అంత దూరం ఎలా నడిచిందా అని.

ఇంట్లో కూడా చెప్పాను. అమ్మ నాన్నతో, “నీ మాటలే పాడుతున్నాడయ్యా వాడు. ఊరంతా అదే పాట” అందట. ఆయన తలూపాడట.

ఒకసారి ఇంటికి వెళ్ళినప్పుడు నేనే వినిపిద్దామని కూర్చున్నాను. సెలవు రోజు, వీధి ఖాళీగా ఉంది. ఫోన్ తీసి ఆయన చెవి దగ్గర పెట్టాను. ఆయన ఫోన్ చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, కాసేపు తలూపుతూ విన్నాడు. “బాగుందిరా” అన్నాడు. ఫోన్ తిరిగి ఇచ్చాడు.

నేను పాట ఇంకా మొదలుపెట్టలేదు. నొక్కడం మర్చిపోయి అలాగే ఆయన చేతికిచ్చాను.

అమ్మ వైపు చూస్తే, ఆమె మూత మీద పువ్వు వేస్తున్నట్టు నటిస్తోంది. ఆమెకి ఎప్పట్నించో తెలుసు. సుత్తి చెయ్యి చూసి, పెదాలు చూసి, సగం ఊహించి, మిగతా సగానికి తలూపి ఆయన నెట్టుకొస్తున్నాడు. “ఏంటి?” అని ఎవర్నీ అడగడు, మళ్ళీ చెప్పమనడు. ఒకసారి ఎవరో కొనడానికి వచ్చినాయన చెవిలో గట్టిగా అరిచి చెప్పబోతే, నాన్న ఆ పెట్టెని అమ్మనని లోపల పెట్టేశాడట. అందుకని ఇంట్లో ఎవరూ ఆయన చెవి దగ్గరికి వెళ్ళరు.

బతిమాలి, దెబ్బలాడి, చెవినొప్పి నాకే అని అబద్ధమాడి, ఎలాగో చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఏవేవో యంత్రాలు పెట్టి చూసింది. నాన్నని బయట కూర్చోబెట్టి నాతో చెప్పింది.

“కుడి చెవి పూర్తిగా పోయింది బాబూ. ఎడమ చెవిలో కొద్దిగా ఉంది. దగ్గరగా, నెమ్మదిగా చెబితే వినపడుతుంది. అదీ ఎంతో కాలం ఉండదు. పెద్ద చప్పుళ్ళకి దూరంగా ఉంచండి.”

“మిషన్ పెడితే?”

“మిషన్ ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది, లేనిదాన్ని తేలేదు. ఆయనకి వినిపించాలనుకున్నవి ఏవైనా ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.”

లోకంలో ఎవరెవరో నా పాట విన్నారు. భాష రానివాళ్ళు విన్నారు. దాంట్లో మాటలన్నీ ఎవరివో, ఆ మనిషి మాత్రం వినలేదు. ఇంక కొన్నాళ్ళయితే వినలేడు. నాకు ఆ క్షణం నుంచీ ఇంకో కోరిక లేదు. ఆయన ఒక్కసారి వినాలి. మెచ్చుకోనక్కర్లేదు, తిట్టినా సరే, వినాలి.

కానీ ఎలా? మళ్ళీ ఇంట్లో కూర్చోబెట్టి చెవిలో చెప్పబోతే లేచిపోతాడు, నా ముందు తన చెవిటితనాన్ని ఒప్పుకున్నట్టవుతుంది మరి. ఆలోచించి ఆలోచించి తల వేడెక్కిపోయింది. చివరికి మా సొంత ఊళ్ళోనే, పెద్ద హాల్లో పాడే రోజు వచ్చింది. వీధి మొత్తాన్ని పిలిచాను. అందరితోపాటు ఆయన కూడా వస్తాడు కదా, దరువైనా, జనం గొంతైనా, ఏదో ఒకటి ఆ చెవిలోకి వెళ్ళకపోతుందా అనుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే మందలించింది. “మీ పాట కన్నా పెద్ద చప్పుడు ఇంకేముంటుందయ్యా? వస్తే స్పీకర్లకి దూరంగా పక్కన కూర్చోబెట్టండి, చెవులు మూసుకుని కూర్చోవాలి” అంది. నా పాటకి మా నాన్న చెవులు మూసుకుని రావాలి. ఇంత వింత ఎక్కడైనా ఉందా?

ఆ సాయంత్రం పెట్టెలు మోసే లారీలోనే వీధి వీధంతా దిగింది. ఉతికిన బట్టలు, నూనె రాసిన తలలు. హాలు గుమ్మంలో కుర్రాళ్ళు వాళ్ళని ఎగాదిగా చూస్తే, మా మేనేజరమ్మ దగ్గరుండి ముందు వరసలో ఎడమ పక్కకి తీసుకెళ్ళింది. ఆవిడ ఇచ్చిన చెవి బిరడాలు నాన్న పుచ్చుకోలేదట. “అవి చెవిటివాళ్ళవమ్మా” అన్నాడట. అమ్మ తెలివిగా, “ఇక్కడ దుమ్ము ఎక్కువగా ఉందయ్యా” అంటూ సంచిలోంచి దూది తీసి ఇస్తే, దుమ్ముకని పెట్టుకున్నాడు.

నేను వేదిక మీదికి రాగానే మొదట చూసింది ఆ వరసే. బాబాయి కుర్చీ అంచున కూర్చుని పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు. తాళాల మావయ్య అప్పుడే పక్కవాడితో వాదులాట పెట్టుకున్నాడు. అమ్మ నన్ను చూసి, చొక్కా గుండీ పెట్టుకోమని దూరం నుంచే సైగ చేసింది. నాన్న చెవుల్లో తెల్లటి దూది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బల్ల మీద ఏదో పని చూసుకుంటున్నంత శ్రద్ధగా నన్నే చూస్తున్నాడు.

పాటలు మొదలయ్యాయి. హాలు ఊగిపోయింది. మా వీధివాళ్ళకి మాత్రం ఆ మోత చిన్న విషయం, వాళ్ళు హాయిగా కాళ్ళు చాపుకున్నారు. అంత దరువులోనూ ఒకరితో ఒకరు ముచ్చట్లాడుకుంటుంటే వెనక వరసల వాళ్ళు వింతగా చూశారు. నాన్న ముఖంలో ఏ మార్పూ లేదు. నేను ఏ పాట పాడినా ఆయన తలూపుతున్నాడు, దరువుకి సంబంధం లేకుండా. నాలో ఏదో విరిగిపోతున్నట్టనిపించింది. నేను పాడుతూనే ఉన్నాను, అది నా వృత్తి కదా.

చివర్లో “చెయ్యి చూసుకో”. వేదిక మీద పాడేటప్పుడు దాన్ని ఒక చోట ఆపుతాను. మొదటి పాదం అయ్యాక నేను చెయ్యెత్తుతాను, డబ్బాగాడు దరువు తీసేస్తాడు, దీపాలన్నీ ఆరి నా మీద ఒక్కటి మిగులుతుంది. జనానికి తెలుసు, ఊపిరి బిగబడతారు. ఒక్క చప్పుడు ఉండదు. అప్పుడు దరువు విరుచుకుపడుతుంది, నేను “చెయ్యి చూసుకో” అంటాను. ఆ నిశ్శబ్దం నా సొంత తెలివి అని ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాను. దాని గురించి మా వాళ్ళకి ముందుగా ఒక్క మాట చెప్పాలని నాకు తట్టనే లేదు.

చెయ్యెత్తాను. దరువు ఆగింది. హాలు మొత్తం ఆగిపోయింది.

ముందు లేచింది నాన్న. చెవుల్లో దూది ఉన్నా, అరికాళ్ళ కింద నేల అదురు ఆగిపోవడం ఆయనకి తెలిసిపోయింది. కుర్చీ వెనక్కి పడింది. ఆయన వెనక బాబాయి, తాళాల మావయ్య, అంచులు మడిచేవాళ్ళు, మూతలకి కీళ్ళు వేసేవాళ్ళు, వీధి వీధంతా లేచి వేదిక మీదికి పరుగు. కాపలా కుర్రాళ్ళు అడ్డం వచ్చారు గానీ, రేకులు మోసే భుజాల ముందు వాళ్ళెంత? ఎవరో నీళ్ళ సీసా తెస్తున్నారు. అమ్మ పరిగెడుతూనే చేతిగుడ్డని పళ్ళతో చింపుతోంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.

నాన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మైకు కింద పడింది. అరచేతులు తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, ఆ ఒక్క దీపం వెలుగులో చూస్తున్నాడు. 

“ఎక్కడ తెగింది? ఎక్కడరా?”

“ఏం తెగలేదు నాన్నా. పాటలోనే అలా ఆగుతుంది.”

ఆయనకి వినపడలేదు. నా పెదాల వైపు చూశాడు, దీపం నేరుగా ఆయన కళ్ళల్లో పడడంతో నా ముఖం ఆయనకి సరిగా కనపడుతున్నట్టు లేదు. చుట్టూ అంతమంది జనం. తలూపి ఊరుకోవచ్చు. ఆయన ఊరుకోలేదు. ఎడమ చెవిలో దూది పీకి పారేశాడు. ఆ చెవిని నా నోటికి దగ్గరగా తెచ్చాడు.

“నాకు వినపడదురా. మళ్ళీ చెప్పు” అన్నాడు.

అంత చప్పుడు లేని చోట ఆ మాట చివరి వరస దాకా వెళ్ళింది. అమ్మ చింపిన గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. డబ్బాగాడు దరువు మీట మీద వేలు పెట్టి నా వైపు చూస్తున్నాడు. వద్దని తల అడ్డంగా ఊపాను.

ఏం చెప్పాలి? ఇది వట్టి ఆటేనని చెప్పాలా? నోట్లో ఉన్నది పాట ఒక్కటే. ఆ చెవికి నోరు ఆనించి, నెమ్మదిగా, ఆయన చేతి తాళం మీదే మొదలుపెట్టాను. రెండు చిన్నవి, ఒక పెద్దది.

“పక్కకి జరుగు, రేకుకి అంచుంది...”

నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. నేను ఆపలేదు. “చెయ్యి చూసుకో” అనే చోటికి వచ్చేసరికి వినపడుతున్నది నా గొంతు ఒక్కటే కాదు. ముందు వరసలో ఎవరో అందుకున్నారు. వాళ్ళ వెనకవాళ్ళు అందుకున్నారు. వాళ్ళు అరవలేదు. ఒక ముసలాయన చెవి దగ్గర ఒకడు మాట్లాడుతుంటే చూశారు కదా, అంత మెల్లగానే అన్నారు. హాలు నిండా ఉన్న మనుషులు, నాకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఒక్క తాళం మీద, మా కొట్టులో మాటలు ఆయనకి వినపడేలా చెబుతున్నారు. నేను వేదికలెన్నో ఎక్కాను. అంత పెద్ద చప్పుడూ అంత మెత్తటి చప్పుడూ ఎప్పుడూ వినలేదు. మోసేవాడికి మెడ మిగలాలి అన్నప్పుడు బాబాయి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

నాన్న తలెత్తాడు. నా ముఖం చూశాడు. తర్వాత చీకట్లోకి, జనంలోకి చూశాడు.

“ఇవి నేననే మాటలు కదరా?”

“అవును నాన్నా.”

“వీళ్ళందరికీ ఎవరు చెప్పారు?”

ఆ చెవిలోనే చెప్పాను. “నేనే చెప్పాను నాన్నా.”

నా చేతులు ఇంకా ఆయన చేతుల్లోనే ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆ తర్వాత చాలా ముఖ్యమైనదేదో మర్చిపోయినవాడిలా కంగారుగా నా వైపు తిరిగాడు.

“అడుగు వాళ్ళని. అందరి చేతులూ బాగానే ఉన్నాయా?”

కింద పడ్డ మైకు తీసుకుని అడిగాను. “మా నాన్న అడుగుతున్నాడు. మీ అందరి చేతులూ బాగున్నాయా?”

ముందు వరసలో ఒకరిద్దరు చేతులెత్తారు. తర్వాత అందరూ. దీపాలు చూసేవాడు హాలు దీపాలన్నీ వేశాడు. వేదిక అంచు నుంచి వెనక గోడ దాకా, పైన మేడ మీద దాకా, వేళ్ళు విప్పిన అరచేతులు. నాన్న వేదిక అంచుకి నడిచాడు. ఎడమ పక్క చివర నుంచి మొదలుపెట్టి, కళ్ళు చిట్లించి, ఒక్కొక్క చెయ్యీ చూడసాగాడు. ఎవరూ చెయ్యి దించలేదు.